అర్హతకి బరువు ఎవరు కట్టాలి?

(ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయంలో ఉద్యోగార్థులు, తల్లిదండ్రులు, చిన్న పరిశ్రమల యజమానుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలు ముందుకి రండమ్మా, రెండో వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి, పర్లేదు.

ముందు ఎవరెవరు వచ్చారో చూసుకోనివ్వండి. ఇంజనీరింగ్ చివరి ఏడాది వాళ్లు చేతులెత్తండి. ఐటీఐ, పాలిటెక్నిక్? కంచరపాలెం నుంచి చాలామందే వచ్చారు, సంతోషం. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నవాళ్లు? ఎత్తండి, ఎత్తండి, అందులో తల దించుకోవాల్సిందేం లేదు. గాజువాక ఆటోనగర్ నుంచి, పరవాడ నుంచి యజమానులు కూడా కొందరు వచ్చారు. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం పిల్లలకి, సగం మీకండీ. ఎవరి సగం ఎక్కడుందో మీరే పట్టుకోండి.

నేను మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పనిలోనే బతుకంతా గడిపాను. మొదట ఫ్యాబ్రికేషన్ కంపెనీల్లో, తర్వాత మందుల కంపెనీల్లో. ఇప్పుడు చిన్న సంస్థలకి ఈ విషయంలో సాయం చేస్తుంటాను. ఎక్కడ పని చేసినా తల్లిదండ్రులు నన్ను అడిగింది ఒక్కటే. "మేడమ్, మావాడికి అన్ని అర్హతలూ ఉన్నాయి కదా, ఎందుకు తీసుకోలేదు?" న్యాయమైన ప్రశ్న. అర్హత ఉందా లేదా అన్నది ఒక లెక్క. ఉన్న అర్హతకి అవతలివాళ్లు ఎంత బరువు కట్టారన్నది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క గురించి మనకి ఎవరూ చెప్పరు.

నేను నమ్మేది చెప్తాను. ఆ బరువు కట్టాల్సింది పని. ఉద్యోగంలో చేరిన మనిషి సోమవారం పొద్దున్న వచ్చి ఏం చెయ్యాలో, ఆ పని చెప్పాలి ఏ అర్హత ఎంత ముఖ్యమో. కాలేజీ పేరు చెప్పకూడదు, ఇంటిపేరు చెప్పకూడదు, యజమాని గారి మనసుకి తట్టింది చెప్పకూడదు. ఇదే మాట తిప్పి తిప్పి చెప్తాను, ఓపిక పట్టండి.

కొన్ని అర్హతలకి బేరం లేదు. బాయిలర్ నడపాలంటే బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉండాలి. ఫార్మసిస్టుగా మందులివ్వాలంటే ఫార్మసీ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉండాలి. నర్సుకి నర్సింగ్ కౌన్సిల్లో ఉండాలి. ఇవి చట్టం పెట్టిన గేట్లు. అవి లేకపోతే మిగతా కాగితం ఎంత బాగున్నా మేం పక్కన పెట్టాల్సిందే. పెడతాం కూడా. దీని మీద ఎక్కువ మాట్లాడక్కర్లేదు.

చట్టం పెట్టని గేట్లున్నాయి చూడండి, వాటి గురించి మాట్లాడాలి. పది నుంచి డిగ్రీ దాకా అన్నిట్లో 60 శాతం. ఒక్క బ్యాక్‌లాగ్ కూడా ఉండకూడదు. చదువు మధ్యలో గ్యాప్ ఉండకూడదు. ఇవి ఎందుకు పెడతారు? 58 శాతం వచ్చినవాడికి పని రాదని ఎవరైనా తేల్చారా? తేల్చలేదు. ఒక్క పోస్టుకి వందల దరఖాస్తులు వస్తాయి. చదివే మనిషి ఒక్కరే ఉంటారు, వాళ్లకి ఆ రోజు వేరే పని కూడా ఉంటుంది. అమెరికాలో 2018లో ఒక ఉద్యోగాల వెబ్‌సైట్ వాళ్లు రిక్రూటర్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో కొలిచారు. మొదటి చూపులో ఒక్కో రెజ్యూమె మీద సగటున 7.4 సెకన్లు. 60 శాతం కావాలని ఆ పని అడగలేదండీ. బల్ల మీద కుప్ప అడిగింది. కుప్పని తగ్గించుకోడానికి పెట్టిన గీత అది. గీత అవతల పడ్డ పిల్లలేమో తమకి తెలివి లేదనుకుని ఇంటికెళ్లిపోతారు. పదో తరగతిలో వాళ్ల నాన్నకి జబ్బు చేసిందో, ఊళ్లో బడే సరిగ్గా నడవలేదో, ఆ గీతకి తెలుస్తుందా?

యజమానులూ, కుప్ప తగ్గించుకోవద్దని నేను అనడం లేదు. తగ్గించుకోండి. కానీ ఆ గీత పనిలోంచి రావాలి.

ఈ ముక్క మీద అమెరికా సుప్రీంకోర్టు 1971లో ఒక తీర్పు ఇచ్చింది. ఇన్నేళ్లయినా ఎక్కడ నియామకాల గురించి చర్చ వచ్చినా ఆ తీర్పు ప్రస్తావన వస్తుంది. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ అనే కంపెనీ, దానికో థర్మల్ స్టేషన్. మన పరవాడ దగ్గర సింహాద్రి ఉంది కదా, అలా బొగ్గుతో నడిచేదే. అందులో నల్లజాతి కార్మికుల్ని లేబర్ విభాగంలోనే ఉంచేవారు. మిగతా విభాగాలన్నిటిలోకి వెళ్లాలంటే హైస్కూలు పాసై ఉండాలని 1955లో నిబంధన పెట్టారు. జాతి వివక్ష చట్టవిరుద్ధమైన రోజున దానికి తోడు రాత పరీక్షలు పెట్టారు. ఆ ప్రాంతంలో హైస్కూలు పూర్తిచేసే అవకాశం ఎవరికి తక్కువో మీరు ఊహించుకోవచ్చు. కోర్టు ఏం చూసిందంటే, నిబంధన రాకముందు చేరిన తెల్లవాళ్లలో హైస్కూలు పాస్ కానివాళ్లు ఉన్నారు. వాళ్లు అవే విభాగాల్లో బాగానే పని చేస్తున్నారు, ప్రమోషన్లు కూడా తెచ్చుకుంటున్నారు. మరి ఆ సర్టిఫికెట్ దేనికి? కంపెనీ ఉద్దేశం మంచిదా చెడ్డదా అని చూడక్కర్లేదు, పెట్టిన అర్హతకి పనితో సంబంధం ఉందని కంపెనీయే చూపించాలి అని కోర్టు తేల్చింది. గ్రిగ్స్ కేసు అంటారు దాన్ని. లా చదివే పిల్లలెవరైనా ఉంటే తీసి చదవండి.

మన దగ్గర ఆ చట్టం లేదు. అందులోని ఆలోచన తీసుకోడానికి చట్టం అవసరమా?

మన విశాఖలోనే ఒక పని ఉంది, దాని నియామకం చూస్తే నాకు ఎప్పుడూ గౌరవమే. హై ప్రెషర్ వెల్డర్, అంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకోవాల్సిన పైపుల్ని అతికే మనిషి. ఇక్కడ షిప్‌యార్డ్, రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, ఒకప్పటి బీహెచ్‌పీవీ కర్మాగారం ఉండబట్టి ఈ ఊళ్లో ఆ చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. 6జీ టెస్ట్ అంటారు. చూడనివాళ్ల కోసం చెప్తాను. రెండు పైపు ముక్కల్ని అంచులు చెక్కి, మధ్యలో సన్నని సందు వదిలి, 45 డిగ్రీల ఏటవాలుగా బిగిస్తారు. పైపు తిరగదు. వెల్డరే దాని చుట్టూ తిరగాలి, వంగాలి, కింద నుంచి పైకి చూస్తూ కొట్టాలి. మామూలుగా అడుగున పడే మొదటి వరస, అంటే రూట్ పాస్, టిగ్ అనే వెల్డింగ్ పద్ధతిలో వేస్తారు, ఆ తర్వాత ఎలక్ట్రోడ్‌తో నింపుతారు. పాస్‌కీ పాస్‌కీ మధ్య గ్రైండింగ్, బ్రష్. అయ్యాక ఇన్‌స్పెక్టర్ టార్చిలైటు వేసి లోపలా బయటా చూస్తాడు. ఆ పైన ఎక్స్‌రే. ఫిల్మ్ మీద చిన్న నల్లచుక్క ఉందనుకోండి, లోపల గాలి బుడగ ఉన్నట్టు. సందులో నల్లగీత ఉందనుకోండి, రూట్ సరిగ్గా కరగలేదన్నట్టు. పాస్ అవుతాడు, లేదా ఫెయిల్ అవుతాడు. ఆ వెల్డర్ తెచ్చిన బయోడేటా ఒక్క పేజీ ఉంటుంది, అక్షరదోషాలు కూడా ఉంటాయి. పదో తరగతి మార్కులు అక్కడ ఎవరికి కావాలి? ఫిల్మ్ చెప్పేసింది కదా.

వెల్డర్‌కి ఇంత న్యాయం చేసినవాళ్లం అకౌంట్స్ అసిస్టెంట్‌కి ఎందుకు చెయ్యలేం? నన్నడిగితే చెయ్యొచ్చు. పది కొనుగోలు బిల్లులు, ఒక బ్యాంక్ స్టేట్‌మెంట్, ఒక క్యాష్‌బుక్ పేజీ ఇవ్వండి. జీఎస్టీ నంబరు తప్పు పడిన బిల్లు ఒకటి కావాలని అందులో పెట్టండి. గంట టైమివ్వండి. బీకామ్ ఏ కాలేజీలో చదివాడో అడక్కుండానే మీకు కావలసింది తెలుస్తుంది.

ఫార్మా కంపెనీల్లో జూనియర్ కెమిస్టుల్ని తీసుకునేటప్పుడు మేం ఒక ప్రశ్న అడిగేవాళ్లం. "లాగ్‌బుక్‌లో రీడింగ్ తప్పు రాశారు. ఇప్పుడేం చేస్తారు?" ఎమ్మెస్సీలో 80 శాతం తెచ్చుకున్న పిల్లలు కూడా "వైట్‌నర్ పెడతాను మేడమ్" అనేవారు. ఇంకొందరు "ఆ పేజీ తీసేసి నీట్‌గా మళ్లీ రాస్తాను" అనేవారు. మందుల పరిశ్రమలో ఆ రెండూ పెద్ద తప్పులు. పాత అంకె కనపడేట్టు ఒకే ఒక గీత కొట్టాలి, పక్కన సరైన అంకె రాయాలి, ఎందుకు మార్చారో రాసి సంతకం, తేదీ వెయ్యాలి. తనిఖీకి వచ్చినవాళ్లు చినిగిన పేజీ చూస్తే ఆ బ్యాచ్ మీదే అనుమానం వస్తుంది. ఈ సంగతి ఒక చిన్న ల్యాబ్‌లో ఆరు నెలలు అప్రెంటిస్‌గా చేసిన బీఎస్సీ పిల్ల ఠక్కున చెప్పేస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఎమ్మెస్సీ పర్సంటేజీకి ఎంత బరువివ్వాలి, ఆ ఆరు నెలలకి ఎంత బరువివ్వాలి?

యజమానులకి ఇంకో మాట. మీలో చాలామంది నాతో అంటారు, "మనిషిని చూడగానే తెలిసిపోతుందండీ, అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు" అని. గౌరవంగానే చెప్తున్నాను, తెలియదండీ. దీని మీద దాదాపు వందేళ్ల పరిశోధన ఉంది. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు 85 ఏళ్ల అధ్యయనాల్ని పోగుచేసి లెక్క కట్టారు. 2022లో సాకెట్, ఆయన బృందం ఆ లెక్కల్ని మళ్లీ సరిచూశారు. ఎంపికప్పుడు వేసిన అంచనాకీ తర్వాత చేసిన పనికీ ఎంత పొత్తు కుదిరిందో సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. నోటికొచ్చిన ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూకి 0.19 వచ్చింది. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే అనుకున్న పద్ధతిలో మార్కులేసే ఇంటర్వ్యూకి 0.42. అన్నిటికంటే పైన ఉన్నది అదే. పనికి సంబంధించిన జ్ఞానం మీద పరీక్షకి 0.40. మరి మన ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో వేస్తామే, "కనీసం ఇన్నేళ్ల అనుభవం" అని, ఆ ఏళ్ల లెక్కకి ఎంతొచ్చిందో తెలుసా? 0.07. అనుభవం పనికిరాదని దీనర్థం కాదు. ఏళ్లు లెక్కపెట్టినంత మాత్రాన అనుభవం తెలియదని. ఎనిమిదేళ్లు మెయింటెనెన్స్‌లో ఉన్నానని ఒకాయన వస్తాడు. "చివరిసారి ఏ పంపు ఆగింది? ఏం చూశారు మొదట? బేరింగా, సీలా? ఎన్ని గంటల్లో లేపారు?" అని అడగండి. అక్కడ ఉన్నవాడు మీరు ఆపమనేదాకా చెప్తాడు.

చేసే పద్ధతి కూడా కష్టం కాదు. దరఖాస్తుల కట్ట విప్పకముందే ఒక కాగితం మీద రాసుకోండి, ఈ పోస్టుకి ముఖ్యమైనవి ఏవి, దేనికి ఎన్ని మార్కులు అని. విప్పాక రాసుకుంటే లాభం లేదు, అప్పటికే ఒక పేరు మన మనసులో పడి ఉంటుంది, దానికి తగ్గట్టే కొలత మారిపోతుంది. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో. ఒకరు బయటికెళ్లగానే, తర్వాతవాళ్లు లోపలికి రాకముందే మార్కులు వేసెయ్యండి. బోర్డులో ముగ్గురుంటే ముగ్గురూ విడివిడిగా వేశాకే మాట్లాడుకోండి. పెద్దాయన ముందు నోరు విప్పితే చిన్నవాళ్ల అంచనా అక్కడితో ఆగిపోతుంది, అందుకు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, గ్రూప్ బి నాన్ గెజిటెడ్ పోస్టులకి ఇంటర్వ్యూలే తీసేసింది. స్కిల్ టెస్టులు మాత్రం ఉంచుకోవచ్చంది. నాకు అది సరైన దారిగానే కనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు. అయినా చెప్పాలి. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ అనే ఇద్దరు పండితులు మన దేశంలోనే ఒక అధ్యయనం చేసి 2007లో ప్రచురించారు. ఇంగ్లీషు పత్రికల్లో ప్రైవేటు కంపెనీలు వేసిన ప్రకటనలకి దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అనుభవం ఒకటే, పేర్లు వేరు. అగ్రవర్ణ హిందువు పేరు, దళితుడి పేరు, ముస్లిం పేరు. పిలుపు రావడంలో అగ్రవర్ణ పేరుని ఒకటి అనుకుంటే, లెక్క దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33 తేలింది. మనిషి ముఖం కూడా ఎవరూ చూడలేదండీ! కాగితం మీద పేరు చదివారు, అంతే.

మన తెలుగువాళ్లలో ఇంటిపేరు చూస్తే ఊరూ కులమూ పోల్చేసేవాళ్లు ఉన్నారు. ఇంటర్వ్యూ గదిలో "మీదే ఊరు? మీ ఇంటిపేరు వాళ్లు ఫలానావాళ్లకి ఏమవుతారు?" అని ఆప్యాయంగా అడిగే ప్రశ్న ఉంటుంది చూడండి, ఆ ప్రశ్న ఆ గదిలోకి రాకూడదు. అడిగినాయన మంచివాడే కావచ్చు. జవాబు విన్నాక ఆయన వేసే మార్కు మారుతుంది, ఆయనకి తెలియకుండానే మారుతుంది. ఆఫీసులో ఒక మనిషిని పెట్టి, షార్ట్‌లిస్ట్ చేసే ముందు పేరు, ఫొటో, తండ్రి పేరు, అడ్రసు కనపడకుండా నంబర్లు వేయించండి. దీనికి ఖర్చేం లేదు, ఒక పూట పని.

పిల్లలూ, మీ బయోడేటాలు కూడా చూశాను. మతం, పెళ్లయిందా, తోబుట్టువులెందరు, నాన్నగారి ఉద్యోగం, ఎత్తు, బరువు. పెళ్లిచూపులకి పంపే కాగితంలా ఉంటోంది. తీసెయ్యండి అవన్నీ. ఆడపిల్లలూ, మీకు మరీ ముఖ్యంగా. "పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు" అని అడగడం ఇంకా పోలేదు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడవాళ్ల పట్ల వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉంది, తర్వాత వచ్చిన 2019 వేతన కోడ్‌లోనూ ఉంది. పిల్లల్ని పెంచడానికి నాలుగేళ్లు ఆగిన అమ్మాయి దరఖాస్తు వస్తే ఆ గ్యాప్ చూసి పక్కన పెట్టకండి. పని ఇచ్చి చూడండి. వెల్డర్‌కి పైపు ఇచ్చినట్టే.

పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చే పిల్లల కోసం ఒక్క మాట. ఇంటర్వ్యూ తొమ్మిదింటికి పెట్టి, ఘాట్ దిగి వచ్చిన బస్సు ఆలస్యమై పది నిమిషాలు లేటైతే "పంక్చువాలిటీ లేదు" అని రాసేస్తారు. పదకొండింటికి పెడితే మీకు పోయేదేముంది?

ఇక మిషన్లు. పెద్ద కంపెనీల్లో ఇప్పుడు మొదట సాఫ్ట్‌వేరే చదువుతోంది. దానికి పక్షపాతం ఉండదనుకుంటాం. అమెజాన్ వాళ్లు రెజ్యూమెలకి రేటింగ్ ఇచ్చే ఒక ప్రోగ్రాం తయారు చేయించుకుని, అది ఆడవాళ్ల దరఖాస్తుల్ని కిందకి తోస్తోందని గమనించి మానేశారు, 2018లో ఆ వార్త బయటికొచ్చింది. ఎందుకు తోసింది? అంతకుముందు పదేళ్లలో వచ్చిన రెజ్యూమెలు చూసి నేర్చుకుంది. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. మనం నేర్పిందే అది చేసింది. మీరు చెయ్యగలిగింది ఏమిటంటే, ప్రకటనలో వాడిన మాట మీకు నిజంగా వచ్చిన పని అయితే అదే మాట రాయండి, రెండు వరసల డిజైన్లు, గ్రాఫులు పెట్టకుండా మామూలు ఫైలు పంపండి. చాలు.

రెజ్యూమెలో ఏం రాయాలని అందరూ అడుగుతారు. పైన "కష్టపడే తత్వం, నిజాయితీ, నాయకత్వ లక్షణాలు" అని రాస్తారు. అది చదివితే నాకేం తెలుస్తుంది బాబూ? "ఆటోనగర్ వర్క్‌షాప్‌లో ఆరు నెలలు లేత్ మీద పని చేశాను, షాఫ్టులు టర్న్ చేశాను, వెర్నియర్, మైక్రోమీటర్ వాడగలను" అని రాయండి. అప్పుడు నేను మిమ్మల్ని అడగడానికి నాకో ప్రశ్న దొరుకుతుంది, మీకో జవాబు ఉంటుంది. ప్రాజెక్టు పేరు పెద్దది పెట్టి వస్తారు. "ఇందులో నీ చేత్తో చేసిన ముక్క ఏది?" అంటే ఫ్రెండు వైపు చూస్తారు. చిన్న ప్రాజెక్టు అయినా మీరు చేసింది రాయండి. అన్నిటికంటే ముఖ్యం, దొంగ అనుభవం సర్టిఫికెట్లు కొనకండి. ఇప్పుడు ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు ఒకటుంది, యూఏఎన్ అంటారు, దాని కింద పీఎఫ్ కట్టిన ఉద్యోగాలన్నీ కనపడతాయి. చేరిన ఏడాదికి బయటపడినా ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత వాళ్లు ఎక్కడికి వెళ్లినా అది వెంటే వస్తుంది. అమ్మే కన్సల్టెన్సీవాడు మాత్రం అప్పటికి ఫోన్ ఎత్తడు. తల్లిదండ్రులు బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బు అది. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

బీటెక్ చదివి ఐటీఐ పోస్టుకి వచ్చేవాళ్ల సంగతి ఒకాయన చీటీ రాసి పంపారు. "ఎక్కువ చదివినవాడు నిలవడు, తీసుకోవాలా?" అని. నిలవడని మీరే ఎందుకు అనుకోవాలి? అడగండి. షిఫ్టు ఇది, జీతం ఇది, రెండేళ్ల దాకా ఇదే మిషన్ అని చెప్పి ఒక రోజు షాప్‌ఫ్లోర్ మీద తిప్పండి. ఒప్పుకుని, ట్రేడ్ టెస్ట్ పాసయితే తీసుకోండి. టెస్ట్ పాస్ కాకపోతే బీటెక్ ఉంది కదా అని మాత్రం తీసుకోకండి. అతని పక్కన ఆ పని వచ్చిన ఐటీఐ కుర్రాడు నిలబడి ఉన్నాడు, ఆ కుర్రాడిది అన్యాయమైపోతుంది.

చివరిగా యజమానుల్ని ఒకటి కోరుకుంటున్నాను. తీసుకోనివాళ్లకి కూడా వారంలోగా ఒక మెసేజ్ పెట్టండి. ఏ పరీక్షలో తగ్గిందో ఒక్క లైను రాయండి. "బ్యాంక్ రీకన్సిలియేషన్, అంటే బ్యాంక్ లెక్కనీ మన పుస్తకం లెక్కనీ సరిచూడటం, రాలేదు" అంటే ఆ అమ్మాయి ఇంటికెళ్లి అది నేర్చుకుంటుంది. ఏమీ చెప్పకపోతే తన ఇంగ్లీషే బాలేదనో, ఊరే తప్పనో అనుకుంటూ కూర్చుంటుంది.

బయోడేటాలు వెంట తెచ్చుకున్నవాళ్లు ఈ ఎడమ పక్క బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కటీ చూద్దాం. ఆటోనగర్ యజమానులు నలుగురూ కూడా ఇటే కూర్చోండి, దయచేసి. మార్కుల కాగితం ఎలా తయారు చేసుకోవాలో మీ దగ్గరున్న ఒక నిజం పోస్టు తీసుకుని ఇక్కడే రాద్దాం.